ట్రస్టా, బీమా కంపెనీయా: క్లెయిములు పెట్టినవాడి జవాబు

మీరు అడిగింది: "ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవను ట్రస్టు నుంచి తీసి బీమా కంపెనీలకు ఇస్తున్నారు. పేదలకు ఇది మేలా, కీడా? తెలంగాణలో పది లక్షలు, ఇక్కడ పాతిక లక్షలు అంటున్నారు. ఏది మంచి పథకం?"

ఎన్టీఆర్ వైద్య సేవ అంటే మనం ఆరోగ్యశ్రీ అని పిలిచే ఉచిత వైద్య పథకమే. దాన్ని నడిపేది ప్రభుత్వ ట్రస్టా, బీమా కంపెనీయా అని టీవీల్లో ఎంత గొడవ జరిగినా, రోగికి మంచం దొరకడం, దొరకకపోవడం దాని మీద ఆధారపడి ఉండదు. బిల్లు పెట్టాక ఎన్నాళ్లకు ఆసుపత్రి ఖాతాలో డబ్బు పడుతుందన్న దాని మీద ఉంటుంది. కుటుంబానికి ఏడాదికి పరిమితి పది లక్షలా, పాతిక లక్షలా అన్న లెక్క ఆ తర్వాతి సంగతి.

ఈ మాట అనడానికి నాకున్న అర్హత చిన్నదే. కోస్తాలో ఒక మోస్తరు పట్టణంలో, పథకం కింద నమోదైన ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ విభాగంలో కొన్నేళ్లు గుమాస్తాగా చేశాను. కేసు షీట్లు స్కాన్ చేయడం, ట్రస్టు అడిగిన ప్రశ్నలకు డాక్టర్ల వెంటపడి జవాబులు రాయించడం, క్లెయిములు పెట్టడం నా పని. ఆరోగ్యమిత్రలు వేరు. వాళ్లు పథకం తరఫు మనుషులు, మేము ఆసుపత్రి మనుషులం. పక్కపక్క బల్లల మీద కూర్చుని, ఒకే కుర్రాడు తెచ్చిన టీ తాగుతూ రోజూ పోట్లాడుకునేవాళ్లం. ఇప్పుడు మా బావమరిదితో కలిసి మందుల దుకాణం నడుపుతున్నాను. అంటే ఆపరేషన్‌కు ముందు మనిషినీ చూశాను, ఆపరేషన్ అయ్యాక ఏడాదికి అదే మనిషినీ చూస్తున్నాను.

ముందు కొంచెం పాత సంగతి. బీమా అనగానే ఇదేదో కొత్తగా వచ్చిపడ్డ విడ్డూరంలా మాట్లాడుతున్నారు. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు అది బీమా పథకమే. ప్రభుత్వం ప్రీమియం కట్టేది, స్టార్ హెల్త్ కంపెనీ క్లెయిములు చెల్లించేది. కుటుంబానికి ఏడాదికి లక్షన్నర, చాలకపోతే మరో యాభై వేలు. 2008 జూలైలో మరిన్ని చికిత్సలు చేర్చినప్పుడు వాటిని కంపెనీకి ఇవ్వకుండా ట్రస్టే నేరుగా చూసుకోవడం మొదలుపెట్టింది. కొన్నేళ్లపాటు ఆ రెండు పద్ధతులూ పక్కపక్కనే నడిచాయి, తర్వాత అంతా ట్రస్టు కిందికి వచ్చింది. 2025 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం ఆమోదించినది మళ్లీ ఆ మిశ్రమ పద్ధతే: రెండున్నర లక్షల వరకు బీమా కంపెనీ, ఆ పైన పేద కుటుంబాలకు పాతిక లక్షల వరకు ట్రస్టు. కొత్త విషయం ఏమిటంటే, ఆ రెండున్నర లక్షల బీమా తెల్లకార్డు లేని కుటుంబాలకు కూడా వర్తిస్తుంది.

ఇన్నేళ్లలో పేర్లు మాత్రం బాగా మారాయి. రాజీవ్ ఆరోగ్యశ్రీ, ఎన్టీఆర్ వైద్య సేవ, వైఎస్సార్ ఆరోగ్యశ్రీ, మళ్లీ ఎన్టీఆర్ వైద్య సేవ. మారిన ప్రతిసారీ బోర్డులు, ఫారాలు, కార్డు మీద ఫోటోలు మారేవి. వచ్చే ముసలమ్మలు మాత్రం "ఆరోగ్యశ్రీ ఎక్కడ బాబూ" అనే అడిగేవారు.

పథకమే దండగ, ఎత్తేసి ఆ డబ్బంతా ప్రభుత్వ ఆసుపత్రులకు పెట్టాలని ఇక్కడే ఇంకొకరు రాశారు. అందులో సగం నిజముంది, దాని దగ్గరికి వస్తాను. కానీ 2007కు ముందు సంగతి వాళ్లకు గుర్తున్నట్టు లేదు. పేదవాడికి గుండె ఆపరేషన్ అంటే ముఖ్యమంత్రి సహాయనిధి. ఎమ్మెల్యే ఉత్తరం, ఆసుపత్రి ఇచ్చిన అంచనా కాగితం, హైదరాబాదు ప్రయాణం, ఆ తర్వాత ఎదురుచూపులు. మా పెద్దనాన్నకు గుండె రక్తనాళాల్లో మూడు పూడికలున్నాయని తేలినప్పుడు ఎకరం పొలం బేరానికి పెట్టారు. బయానా తీసుకునే లోపల ఎవరో తెల్లకార్డు ఉంటే చాలని చెప్పారు. బైపాస్ ఆపరేషన్ చేసి, పది రోజుల మందులు చేతిలో పెట్టి, ఇంటికి వెళ్లడానికి బస్సు చార్జీలు కూడా ఇచ్చి పంపారు. ఆ ఎకరం మా పెద్దమ్మ ఇప్పటికీ కౌలుకు ఇస్తోంది. అందుకే ఈ పథకాన్ని ఎవరైనా ఒక్క వాక్యంలో కొట్టిపారేస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఇక లోపల ఏం జరుగుతుందో చెబుతాను. రోగి రాగానే ఆరోగ్యమిత్ర కార్డు, ఆధార్ చూసి పేరు నమోదు చేస్తారు. పరీక్షలయ్యాక, జబ్బు పథకం జాబితాలో ఉంటే, ఆ చికిత్సకు కట్టిన ప్యాకేజీ ధర ప్రకారం ముందస్తు అనుమతి అడుగుతాం. దాన్ని మేం ప్రీఆథ్ అనేవాళ్లం. మంచం మీద రోగి ఫోటో, యాంజియోగ్రామ్ సీడీ, రక్తపరీక్షలు, అన్నీ కంప్యూటర్లో ఎక్కించాలి. అవతల ట్రస్టు డాక్టరు చూసి సరే అంటాడు, లేదా ప్రశ్న వేస్తాడు. ప్రశ్న పడిందంటే ఆపరేషన్ ఆగినట్టే. అత్యవసరమైతే ఫోను మీద అనుమతి తీసుకుని కాగితాలు తర్వాత పంపే వీలుంది. ఆపరేషన్ అయ్యాక డిశ్చార్జి ఫోటో, రోగి సంతకం చేసిన ఉత్తరం, వాడిన స్టెంటు మీది స్టిక్కరు, అన్నీ కలిపి క్లెయిము పెట్టాలి. ఇంతవరకు పద్ధతి మంచిదే. నిజం చెప్పాలంటే మన దగ్గర ఈ కంప్యూటర్ వ్యవస్థ ఆ రోజుల్లో దేశానికే దారి చూపింది. 2018లో కేంద్రం ఐదు లక్షల పరిమితితో ఆయుష్మాన్ భారత్ తెచ్చేనాటికి మనకు పదకొండేళ్ల అనుభవం ఉంది.

చిక్కంతా క్లెయిము పెట్టిన తర్వాత మొదలవుతుంది.

మొదటి నెలల్లో డబ్బు బాగానే వస్తుంది. ప్రభుత్వ ఖజానా బిగిసినప్పుడు మొదట ఆగేవాటిలో ఈ బిల్లులుంటాయి. జీతాలు ఆపితే ఉద్యోగులు రోడ్డెక్కుతారు, పింఛన్లు ఆపితే ఓట్లు పోతాయి, ఆసుపత్రి బిల్లు ఆపితే ఆ రోజుకు ఎవరికీ తెలియదు. ఆసుపత్రిలో మాకు మాత్రం బాగా తెలిసేది. మొదట స్టెంట్ల డీలరు అప్పు మీద సరుకివ్వడం మానేస్తాడు. తర్వాత నర్సుల జీతాలు పదో తేదీకి, పదిహేనో తేదీకి జరుగుతాయి. ఆ తర్వాత యాజమాన్యం నుంచి మాట వస్తుంది. ఆ మాట ఎవరూ కాగితం మీద రాసివ్వరు. "స్కీము కేసులు కొంచెం చూసి తీసుకోండి." దానికి అర్థం అందరికీ తెలుసు. పథకం కింద వచ్చినవాళ్లకు ఆ వారం మంచాలు ఖాళీ ఉండవు. సర్జన్ ఊళ్లో ఉండరు. మిషన్ రిపేరులో ఉంటుంది. డబ్బు కట్టేవాళ్లు వస్తే మంచమూ ఉంటుంది, సర్జనూ ఉంటారు. పథకం రద్దయిందని ఎవరూ ప్రకటించరు, ఎవరూ రోగిని పొమ్మనరు, పని మాత్రం జరగదు.

యాజమాన్యాలన్నీ దొంగలని నేననను. పెద్ద కార్పొరేట్ ఆసుపత్రికి పథకం డబ్బు రాబడిలో ఒక పాయ మాత్రమే. జిల్లా కేంద్రంలో యాభై పడకల ఆసుపత్రికి అదే ప్రాణం. బ్యాంకు వాయిదా ప్రభుత్వం కోసం ఆగదు. 2025 సెప్టెంబరులో తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రులు, అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ఆసుపత్రులు బకాయిల కోసం ఆరోగ్యశ్రీ సేవలు నిలిపేశాయి. రెండు రాష్ట్రాలు, రెండు పార్టీల ప్రభుత్వాలు, ఒకటే గొడవ. మునుపటి ప్రభుత్వాల హయాంలోనూ ఇలాంటి నోటీసులు చూశాం. కాబట్టి ఏ పార్టీ వాళ్లు వచ్చి "మా పథకం బంగారం" అన్నా నాకు నవ్వొస్తుంది.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. బీమా కంపెనీ వస్తే ఏం మారుతుంది?

ప్రభుత్వం ప్రతి కుటుంబానికి ఇంత అని ప్రీమియం ముందుగా కట్టాలి. ఏడాదికి ఖర్చెంతో బడ్జెట్ వేసేటప్పుడే తెలుస్తుంది. క్లెయిములు ఎక్కువ వచ్చినా భారం కంపెనీది. ఒప్పందంలో గడువు రాసుకుంటే, గడువు దాటితే జరిమానా అడగవచ్చు. బీమాను సమర్థించేవాళ్ల వాదన ఇది, ఇందులో బలముంది. ట్రస్టు మీద జరిమానా వేసేవాడెవడు? ట్రస్టు కూడా ప్రభుత్వమే, బాకీ కూడా ప్రభుత్వమే.

రెండో వైపు చూడండి. కంపెనీకి క్లెయిము ఆపిన ప్రతి రూపాయీ మిగులే. ట్రస్టు డాక్టరు ప్రశ్న వేస్తే చాలాసార్లు అది చాదస్తం. కంపెనీ డాక్టరు ప్రశ్న వేస్తే అందులో లెక్క ఉంటుంది. సొంతంగా ప్రైవేటు పాలసీ కట్టుకున్నవాళ్లకు ఇది కొత్తగా చెప్పనక్కరలేదు. చదువుకున్న ఉద్యోగి ఈమెయిళ్లు పెట్టి, బీమా ఫిర్యాదులు తేల్చే అంబుడ్స్‌మన్ దాకా వెళ్లి పోట్లాడతాడు. పల్నాడు నుంచి మిర్చి కూలి మానుకుని వచ్చిన మనిషి ఎవరితో పోట్లాడతాడు? ట్రస్టు పద్ధతిలో కనీసం కలెక్టరుకు అర్జీ పెట్టుకునేవాడు, స్థానిక నాయకుడి చేత ఫోను చేయించుకునేవాడు. అది మంచి పద్ధతి కాదు కానీ, అదైనా ఉండేది.

అసలు మెలిక ఇంకొకటి. ప్రభుత్వం ఆసుపత్రి బిల్లులు ఆపినట్టే ప్రీమియం వాయిదా ఆపితే ఏమవుతుంది? కంపెనీ తన చేతి డబ్బు పెట్టి ఆపరేషన్లు చేయించదు. బకాయి ఒక మెట్టు పైకి జరుగుతుంది, అంతే. కాబట్టి విధానం చదివేటప్పుడు "హైబ్రిడ్" (మిశ్రమం) లాంటి మాటల దగ్గర ఆగకండి. ప్రీమియం ఏ తేదీకి కడతారు, కట్టకపోతే ఎవరికి నష్టం, క్లెయిము తిరస్కరిస్తే మళ్లీ చూసేది కంపెనీ మనిషా, బయటి డాక్టరా అన్న దగ్గర ఆగండి. కొత్త విధానంలో ఆరు గంటల్లో ముందస్తు అనుమతి ఇవ్వాలన్న నిబంధన మంచిదే. ఆరు గంటల్లో వచ్చే "ఇంకో కాగితం కావాలి" అన్న జవాబును కూడా అనుమతి ఇచ్చినట్టే లెక్కేస్తారా అన్నది ఒప్పందం చదివితే తెలియాలి.

తమిళనాడును చూసి నేర్చుకోమంటారు. నిజమే, అక్కడ ముఖ్యమంత్రి బీమా పథకం చాలాకాలంగా బీమా పద్ధతిలోనే నడుస్తోంది, 2012 నుంచి ప్రభుత్వ రంగంలోని యునైటెడ్ ఇండియా చేతిలో ఉంది. కానీ తమిళనాడు బీమా కంటే చాలా ముందు, తొంభైల్లోనే, ప్రభుత్వ ఆసుపత్రులకు మందులు కొని చేరవేయడానికి ప్రత్యేక కార్పొరేషన్ పెట్టుకుంది. అక్కడ ప్రభుత్వ ఆసుపత్రికి వెళితే మాత్ర దొరుకుతుంది. ఆ పునాది మీద బీమా వచ్చింది. మన దగ్గర ముందు పైఅంతస్తు కట్టి, ఇప్పుడు కింద ఇటుకలు వెతుకుతున్నాం.

పాతిక లక్షల సంగతి ఇక్కడికే వస్తుంది. 2023 డిసెంబరు చిత్రమైన నెల. తెలంగాణలో కొత్త ప్రభుత్వం ఐదు లక్షలను పది చేసింది. ఆంధ్రప్రదేశ్‌లో అప్పటి ప్రభుత్వం పరిమితిని పాతిక చేసింది. వేలంపాటలా ఉంది కదా. నేను పనిచేసినన్నాళ్లలో మా ఆసుపత్రికి వచ్చిన కేసుల్లో ఎక్కువ భాగం లక్ష, లక్షన్నర దాటినవి కావు. విరిగిన ఎముకలు, స్టెంట్లు, కిడ్నీలో రాళ్లు, డయాలిసిస్. పెద్ద పరిమితి అవసరమైనవాళ్లు ఉన్నారు, క్యాన్సర్ రోగులు, అవయవమార్పిడి వాళ్లు. వాళ్లకు అది ప్రాణం, కాదనను. మిగతా అందరి జేబుకూ చిల్లు పెట్టేది పథకం జాబితాలో లేనిదే. ఆపరేషన్ దాకా వెళ్లని జబ్బు. రోజూ మింగే మాత్ర.

మా దుకాణానికి వచ్చేవాళ్లలో గుండె ఆపరేషన్ ఉచితంగా అయినవాళ్లు చాలామంది ఉన్నారు. రక్తం పలచబరిచే మాత్ర, కొలెస్ట్రాల్ మాత్ర, బీపీ మాత్ర, కొందరికి షుగరు మాత్ర. నెలకు సరిపడా రాసిన చీటీ చూపించి "పది రోజులకు ఇవ్వు బాబూ" అంటారు. పది రోజులు వాడి, ఇరవై రోజులు మానేస్తారు. లక్షన్నర ఖర్చుపెట్టి ప్రభుత్వం వేయించిన స్టెంటు, నెలకు కొన్ని వందల మాత్రలు లేక మళ్లీ పూడిపోతే మళ్లీ పథకం కిందే యాంజియోగ్రామ్. కొన్ని ఆపరేషన్లకు ఏడాదిపాటు ఫాలోఅప్ మందులిచ్చే ఏర్పాటు ఉంది. ఆ సంగతి ఎందరికి తెలుసు? ఆపరేషన్ చేసిన పెద్ద ఆసుపత్రికే వెళ్లి తెచ్చుకోవాలి. ఒక రోజు కూలి, రెండు బస్సు టిక్కెట్లు. చాలామంది ఆ లెక్క వేసుకుని మా దుకాణానికే వస్తారు.

ఆంధ్రప్రదేశ్‌లో 2019 చివరి నుంచి ఆరోగ్య ఆసరా అని, ఆపరేషన్ తర్వాత విశ్రాంతి కాలానికి రోజుకు 225 రూపాయలు, నెలకు ఐదు వేలకు మించకుండా ఇచ్చేవారు. నా దృష్టిలో పరిమితి పెంచడం కంటే అది మంచి ఆలోచన. ఆపరేషన్ అయిన మూడో వారానికే బరువులెత్తే పనికి పోయి కుట్లు విప్పుకుని వచ్చినవాళ్లను చూశాను కాబట్టి అంటున్నాను. దాని గురించి చర్చల్లో ఎవరూ గట్టిగా అడగరు.

ధరల సంగతి కూడా ఈ చర్చలో కనిపించదు. 2017 ఫిబ్రవరిలో కేంద్రం గుండె స్టెంట్ల ధరకు కళ్లెం వేసింది. అంతకుముందు లక్షకు పైగా బిల్లు వేసిన మందుపూత స్టెంటు ఒక్కసారిగా ముప్పై వేల లోపుకు దిగింది. ఒక్క ఉత్తర్వు, బీమా లేదు, ట్రస్టు లేదు. తెల్లకార్డు లేని మధ్యతరగతి మనిషికి కూడా లాభం కలిగింది. డబ్బు ఎవరు కట్టాలన్న ప్రశ్నకు ముందు, అంత డబ్బు ఎందుకవుతోంది అని అడగడం కూడా సంస్కరణే.

ప్రభుత్వ ఆసుపత్రుల వాదనలో సగం నిజం అన్నాను కదా. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం చూడండి. ఏళ్ల తరబడి ఊళ్లకు ఊళ్లు కిడ్నీ జబ్బుతో ఖాళీ అవుతున్నాయి, కారణం ఇదమిత్థంగా ఇప్పటికీ తేలలేదు. డయాలిసిస్ పథకం కింద ఉంది, రోగులకు నెలకు పది వేల పింఛను కూడా వచ్చింది. కానీ అక్కడి మనిషికి ముందు కావలసింది మంచినీళ్లు, ఊళ్లోనే కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష, దగ్గర్లో కిడ్నీ డాక్టరు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, దాంతోపాటు ఆ ఊళ్లకు నదినీళ్లిచ్చే పథకం ప్రారంభమయ్యాయి. ఇలాంటి పని ఏ బీమా కంపెనీ చేయదు, చేయమని దాన్ని అడగనూ లేం. అది ప్రభుత్వం స్వయంగా చేయాల్సిన పని. పథకం ద్వారా ప్రైవేటుకు పోయే డబ్బు పెరిగే కొద్దీ, ఈ పనికి మిగిలేది తగ్గుతుందన్న భయం సరైనదే. గుంటూరు పెద్దాసుపత్రి, విశాఖ కేజీహెచ్ లాంటివి కూడా ఆరోగ్యశ్రీ కేసులు చేసి ఆ డబ్బు సంపాదించుకోగలవు, సంపాదించుకున్నాయి కూడా. కాబట్టి పథకానికీ ప్రభుత్వ ఆసుపత్రికీ పుట్టుకతో వైరం లేదు. ప్రభుత్వ ఆసుపత్రిలో మత్తు ఇచ్చే డాక్టరు లేక ఆపరేషన్ వాయిదా పడితే ఆ కేసు నడుచుకుంటూ ప్రైవేటుకు పోతుంది, దాంతోపాటు ప్యాకేజీ డబ్బూ పోతుంది.

కాబట్టి మీ ప్రశ్నకు నా జవాబు: బీమా పద్ధతి వచ్చినంత మాత్రాన కొంపలు మునగవు. ప్రీమియం తేదీ, తిరస్కరణ మీద అప్పీలు, ఓపీ మందులు (ఆసుపత్రిలో చేరకుండా ఇంట్లో వాడేవి), ఈ మూడింటి మీద ప్రభుత్వం ఏం రాసిందో చూసి తీర్పు చెప్పండి. నా మొగ్గు అడిగితే, అనుమతులిచ్చే డాక్టర్లు ట్రస్టు వాళ్లే ఉండాలి, డబ్బు మాత్రం ఏడాది మొదట్లోనే విడిగా ఒక ఖాతాలో వేసి, దాన్ని ఇంకో పనికి తీయకుండా కట్టడి చేయాలి. ఇది జరుగుతుందని నాకు పెద్ద ఆశ లేదు. ఏ ఆర్థికమంత్రీ తాళంచెవి ఇంకొకరికి ఇవ్వడు.

అంతవరకు మీ ఇంట్లో ఎవరికైనా అవసరం పడితే, పథకం ఏ పేరుతో ఉన్నా పనికొచ్చే మాటలు. ఆసుపత్రికి వెళ్లగానే డాక్టరు దగ్గరికంటే ముందు ఆరోగ్యమిత్ర దగ్గర పేరు నమోదు చేయించండి. ముందు డబ్బు కట్టి చేరితే, తర్వాత పథకంలోకి మార్చడం మహా కష్టం. "మంచి స్టెంటు వేస్తాం, తేడా మీరు కట్టండి" అంటే ఆ తేడాకు బిల్లు ఇమ్మనండి. బిల్లు అనగానే సగం సార్లు తేడా మాయమవుతుంది. మంచాలు లేవంటే ఆ మాట కాగితం మీద రాసివ్వమని అడిగి, అక్కడే నిలబడి ఆరోగ్య సహాయ నంబరు 104కు ఫోను చేయండి. డిశ్చార్జి రోజున మీ ఆపరేషన్‌కు ఫాలోఅప్ మందులున్నాయా, ఎన్నాళ్లు, ఎక్కడ ఇస్తారు అని ఆరోగ్యమిత్రను అడిగి రాయించుకోండి. ఇంట్లో డెబ్బై దాటిన పెద్దవాళ్లుంటే, మీకు తెల్లకార్డు లేకపోయినా వాళ్ల పేరు మీద ఆయుష్మాన్ కార్డు తీయించండి. 2024 అక్టోబరు నుంచి దానికి ఆదాయంతో పని లేదు, ఆధార్ చాలు.